మరవ పారేదాకా ఆగే నీళ్లు: షెల్ పైపులు, బఫర్ల చరిత్ర

గత పాఠంలో మీరు షెల్‌లో రెండు మూడు ఆదేశాలను నిలువు గీతతో కలపడం నేర్చుకున్నారు. ఒక ఆదేశం ఇచ్చిన ఫలితాన్ని తరువాతి ఆదేశం అందుకుంటుంది, దాని ఫలితాన్ని ఆ తరువాతిది అందుకుంటుంది. ఇంతవరకు ఇబ్బంది లేదు. కాని మీలో కొందరికి అభ్యాస తరగతుల్లో ఒక విచిత్రం ఎదురయ్యే ఉంటుంది. ఆదేశంలో తప్పు లేదు, ఫైలులో సమాచారం వచ్చి చేరుతూనే ఉంది, అయినా తెరమీద ఏమీ కనిపించదు. చాలాసేపటికి ఒక్కసారిగా వంద పంక్తులు వచ్చి పడతాయి. మళ్లీ నిశ్శబ్దం. ఈ ఆలస్యం ఎక్కడిది, ఎవరి నిర్ణయం వల్ల వచ్చింది, దాన్ని తప్పించే మార్గాలు ఏ క్రమంలో పుట్టాయి అనేవి ఈ పాఠంలో చూద్దాం.

ముందుగా ఒక సూచన. ఈ పాఠంలో ఆదేశాలన్నింటినీ పలికే తీరులో తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. మీరు కీబోర్డు మీద మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి, -ఓఎల్‌లోని ఎల్, -డబ్ల్యూ, ట్రూలోని టీ తప్ప మిగతావన్నీ చిన్న అక్షరాలే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీరు అనంతపురంలో ఉన్నారనీ, చుట్టుపక్కల మండలాల్లోని వర్షమాపక కేంద్రాలు గంటకొకసారి పంపే కొలతలు మీ కంప్యూటరులో 'వాన.లాగ్' అనే ఫైలులోకి చేరుతున్నాయనీ అనుకోండి. ఒక్కొక్క పంక్తిలో ఊరి పేరు, సమయం, వాన మిల్లీమీటర్లలో ఉంటాయి. అన్నీ ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి పంక్తికి సుమారు 40 బైట్లు. వాటిలో ధర్మవరం కొలతలు మాత్రమే మీకు కావాలి. అప్పుడు ఇలా రాస్తారు:

టెయిల్ -ఎఫ్ వాన.లాగ్ | గ్రెప్ ధర్మవరం | కట్ -డి, -ఎఫ్2,3

టెయిల్ కొత్తగా చేరిన పంక్తులను చదువుతూ ఉంటుంది, గ్రెప్ ధర్మవరం పంక్తులను ఏరుతుంది, కట్ అందులోంచి సమయాన్నీ వాననూ విడదీసి చూపుతుంది. మూడూ సరిగానే పనిచేస్తాయి. కాని మొదటి పంక్తి మీ కంటికి కనబడడానికి నాలుగు రోజులకు పైగా పట్టవచ్చు. ఈ లెక్క ఎలా వచ్చిందో ముందుముందు చేద్దాం. అంతకన్నా ముందు, అనంతపురం మెట్ట ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి బాగా తెలిసిన ఒక ఏర్పాటును గుర్తుచేసుకోవాలి.

గొలుసు చెరువులు

పూర్వపు అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదికూడా ఒక వరుసలో కురవదు. వచ్చిన నీటిని పట్టి ఉంచుకోవడానికి ఈ నేల మీద వందల ఏళ్లుగా చెరువులు కట్టారు. అనంతపురం పేరే అనంతసాగరం చెరువుతో ముడిపడి ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కాలంలో ఆ చెరువు కట్టించారని చెబుతారు. బుక్కపట్నం చెరువు కూడా ఆ కాలానిదేనని చెప్పుకుంటారు. ఈ చెరువుల్లో చాలావాటిని విడివిడిగా చూడకూడదు. అవి ఒకదాని దిగువన ఒకటిగా గొలుసులా ఉంటాయి. చిత్రావతి నది మీద పైన బుక్కపట్నం చెరువు, దిగువన ధర్మవరం చెరువు ఉన్న తీరు దీనికి పెద్ద ఉదాహరణ. ఊళ్ల మధ్య వాగుల మీద ఇలాంటి చిన్న గొలుసులు లెక్కలేనన్ని కనిపిస్తాయి.

గొలుసు పద్ధతిలో సూత్రం చాలా సులువైనది. పై చెరువు నిండాలి. నిండిన తరువాత మరవ పారుతుంది. మరవ దాటిన నీరే కింది చెరువుకు చేరుతుంది. కోస్తా జిల్లాల విద్యార్థులు మరవను అలుగు అంటారు. మంచి వానలు పడిన ఏడాది ఈ ఏర్పాటు చక్కగా పనిచేస్తుంది. పై చెరువు ఒకటి రెండు రోజుల్లో నిండి, నీళ్లు మరవ మీదుగా దిగువకు పరుగెత్తుతాయి. వానలు సన్నగిల్లిన ఏడాది పరిస్థితి వేరు. వచ్చిన కాస్త నీరూ పై చెరువు అడుగున నిలిచిపోతుంది. కింది ఊరివాళ్లకు పైన వాన పడిందో లేదో చెరువును చూసి తెలుసుకునే అవకాశమే ఉండదు. వాగు తెగిపోలేదు, కాలువ పూడిపోలేదు, ఎవరూ నీళ్లు దొంగిలించలేదు. చెరువు పెద్దది, ప్రవాహం చిన్నది, అంతే.

చెరువుకూ నీటికీ మధ్య ఈ పొంతన గురించి మన పూర్వులు ఆలోచించారనడానికి శాసన ఆధారం ఉంది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి దొరికింది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించిన వివరాలు అందులో ఉన్నాయి. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలతోపాటు, ఉండకూడని ఆరు దోషాలను కూడా ఆ శాసనం పేర్కొంటుంది. నీరు తక్కువై తడపవలసిన నేల ఎక్కువ కావడం ఒక దోషం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం మరొకటి. పరిమాణాల పొంతన కుదరకపోవడాన్ని దోషాల పట్టికలో చేర్చారన్న సంగతి ఈ పాఠం చివరిదాకా మీ మనసులో ఉంచుకోండి.

ఇక చెరువు కట్ట దిగి, కంప్యూటరులోకి ఈ 'నిండితేగాని పారని' పద్ధతి ఎలా వచ్చిందో చూద్దాం. అందుకు అమెరికాలోని న్యూజెర్సీకి వెళ్లాలి.

పైపు పుట్టుక

బెల్ ప్రయోగశాలలో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు 1964 అక్టోబరులో తన సహోద్యోగుల కోసం ఒక చిన్న టైపు కాగితం రాశారు. తోటకు నీళ్లు పెట్టే రబ్బరు గొట్టాలను అవసరాన్ని బట్టి ఒకదానికొకటి మరలతో బిగించుకున్నట్టు, ప్రోగ్రాములను కూడా కలుపుకునే వీలు ఉండాలని ఆయన భావం. అప్పటికి యూనిక్స్ లేదు. 1969లో బెల్ ప్రయోగశాల మల్టిక్స్ అనే భారీ ప్రాజెక్టు నుంచి తప్పుకున్నాక, కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తదితరులు యూనిక్స్ మొదలుపెట్టారు. మెక్‌ఇల్‌రాయ్ తన గొట్టాల ఆలోచనను వదలలేదు, ఏళ్ల తరబడి అడుగుతూనే వచ్చారు.

చివరికి థాంప్సన్ పైపును యూనిక్స్‌లో చేర్చారు. 1973 ఆరంభంలో వెలువడిన మూడవ కూర్పు మాన్యువల్‌లో పైపు కనిపిస్తుంది. ఒక్క రాత్రిలో అనేక ప్రోగ్రాములను సవరించి, అవి పైపునుంచి చదవగలిగేలా చేశారని మెక్‌ఇల్‌రాయ్ తరువాత గుర్తుచేసుకున్నారు. మనం ఇప్పుడు వాడే నిలువు గీత మొదట్లో లేదు. ఫైలులోకి పంపే బాణం గుర్తునే పైపుకూ వాడేవారు. అది గందరగోళంగా ఉండడంతో కొద్దికాలానికే నిలువు గీత వచ్చింది.

ఆనాటి పైపులో ఒకసారి పట్టేది 4096 బైట్లు. ఇక్కడ జాగ్రత్తగా గమనించండి. పరీక్షల్లో చాలామంది తప్పు రాసేది ఇక్కడే. పైపుకు ఒక పరిమాణం ఉన్నంత మాత్రాన అది నిండేదాకా ఆగుతుందని కాదు. పైపులో ఒక్క బైటు పడినా అవతలి ప్రోగ్రాము వెంటనే దాన్ని చదువుకోవచ్చు. పైపు నిండిపోయినప్పుడు మాత్రం రాసే ప్రోగ్రామును కెర్నల్ ఆపుతుంది, అవతలివైపు ఖాళీ అయ్యాక మళ్లీ రాయనిస్తుంది. అంటే పైపు అడ్డుకట్ట లేని కాలువలాంటిది. లైనక్స్‌లో 2005లో వచ్చిన 2.6.11 కూర్పునుంచి ఈ కాలువ సామర్థ్యం 65,536 బైట్లకు పెరిగింది. పెరిగినా మన ఆలస్యం పెరగలేదు, తగ్గలేదు. ఎందుకంటే ఆలస్యానికి కారణం కాలువ కాదు.

నీళ్లు ఆగేది ఎక్కడ?

ఆగేది ప్రోగ్రాము లోపల. మన ఉదాహరణలో గ్రెప్ తన ఫలితాన్ని పైపులో వేయకముందే తన సొంత చెరువులో నింపుకుంటుంది. ఆ చెరువునే బఫర్ అంటాం.

గ్రెప్ రాసినవారికి ఈ చెరువు ఎందుకు కావలసివచ్చింది? ప్రోగ్రాము ఏదైనా బయటికి పంపాలంటే కెర్నల్‌ను పిలవాలి. ఆ పిలుపే సిస్టమ్ కాల్. ప్రతి పిలుపుకూ కొంత ఖర్చు ఉంది. ప్రోగ్రాము తన పని ఆపి, అధికారం కెర్నల్‌కు ఇచ్చి, మళ్లీ వెనక్కి తీసుకోవాలి. 1970ల పీడీపీ-11 యంత్రాల మీద ఈ ఖర్చు స్పష్టంగా తెలిసేది. పైగా డిస్కు మీద రాసేది 512 బైట్ల బ్లాకులుగా. ఒక్కొక్క అక్షరానికీ కెర్నల్‌ను పిలిస్తే 512 అక్షరాలకు 512 పిలుపులు. కూడబెట్టి ఒక్కసారి పంపితే ఒకటే పిలుపు. బస్తాకొక బండి కట్టకుండా, బండి నిండాక కదిలించే రైతు లెక్కే ఇది. దీన్ని తప్పుపట్టడానికి లేదు.

మైక్ లెస్క్ అనే పరిశోధకుడు 1970లలో సీ భాషకు ఒక ఇన్‌పుట్-అవుట్‌పుట్ లైబ్రరీ రాశారు. రిచీ దాన్ని తిరిగి మలిచారు. 1979 జనవరిలో విడుదలైన ఏడవ కూర్పు యూనిక్స్‌తో పాటు అది స్టాండర్డ్ ఐఓ అనే పేరుతో లోకానికి అందింది. కూడబెట్టి పంపే పనిని ప్రతి ప్రోగ్రామరూ విడిగా రాసుకోనక్కరలేకుండా ఆ లైబ్రరీయే చూసుకునేది. అందులో ఒక చిన్న పరీక్ష ఉంది. ఈ చరిత్ర అంతటికీ కీలకం అదే. ప్రోగ్రాము మొదటిసారి ఏదైనా రాయబోయినప్పుడు లైబ్రరీ అవతల ఉన్నది టెర్మినలా, కాదా అని అడుగుతుంది. ఆ ప్రశ్న అడిగే ఫంక్షను పేరు ఈజ్‌ఎటీటీవై. టీటీవై అంటే టెలిటైప్, అంటే కాగితం చుట్ట మీద సెకనుకు పది అక్షరాల చొప్పున టకటకా కొట్టే యంత్రం. మీరు ఇప్పుడు చూస్తున్న మెరిసే తెరను కూడా మీ లైనక్స్ ఇంకా టీటీవై అనే పిలుస్తుంది.

జవాబు అవును అయితే, అవతల మనిషి కూర్చుని ఉన్నాడని లైబ్రరీ అనుకుంటుంది, ఫలితాన్ని వెంటనే పంపుతుంది. జవాబు కాదు అయితే, అవతల ఉన్నది ఫైలో యంత్రమో, దానికి తొందర లేదని అనుకుని బ్లాకు నిండేదాకా ఆపుతుంది. పైపుకు అవతల మరో ప్రోగ్రాము, ఆ ప్రోగ్రాముకు అవతల ఒక మనిషి ఎదురుచూస్తూ ఉండవచ్చన్న సంగతి ఆ పరీక్షకు తెలిసే వీలు లేదు. అది తన పక్కవాడిని మాత్రమే చూస్తుంది.

ఇప్పుడు మన మూడు ఆదేశాల వరుసను మళ్లీ చూడండి. చివరనున్న కట్‌కు అవతల టెర్మినల్ ఉంది కాబట్టి అది తనకు అందినదాన్ని ఆలస్యం లేకుండా చూపుతుంది. మొదటనున్న టెయిల్, కొత్త పంక్తులకోసం కాచుకునేటప్పుడు తన దగ్గర ఉన్నది పంపించేసేలా రాయబడింది. మధ్యలో గ్రెప్ ఒక్కటే చెరువు కట్టుకుని కూర్చుంది. మీరు గ్రెప్‌ను చివర పెట్టి పరీక్షిస్తే తప్పు కనబడదు. మరో ఆదేశాన్ని దాని వెనక తగిలించగానే నిశ్శబ్దం మొదలవుతుంది. అందుకే విద్యార్థులు కొత్తగా చేర్చిన కట్‌ను అనుమానిస్తారు. నేరం దానిది కాదు.

లెక్క

నేటి లైనక్స్‌లో పైపులోకి రాసేటప్పుడు ఈ బఫర్ పరిమాణం సాధారణంగా 4096 బైట్లు. పంక్తికి 40 బైట్లు అనుకున్నాం. 4096ను 40తో భాగిస్తే సుమారు 102. ధర్మవరం కొలత గంటకు ఒకటి. కాబట్టి గ్రెప్ మరవ పారడానికి 102 గంటలు, అంటే నాలుగు రోజుల ఆరు గంటలు పడుతుంది.

అదే మీరు కట్ ఫలితాన్ని తెరమీద చూపకుండా ఒక ఫైలులోకి మళ్లించారనుకోండి. అప్పుడు కట్ కూడా చెరువే. ఊరి పేరు తీసేశాక దాని పంక్తి సుమారు 29 బైట్లు, 141 పంక్తులు చేరితే దాని బఫర్ నిండుతుంది. కాని గ్రెప్ దానికి పంక్తులను 102 చొప్పునే వదులుతుంది. మొదటి విడత చాలదు, రెండవ విడత రావాలి. ఫైలులో మొదటి అక్షరం పడేసరికి 204 గంటలు, అంటే ఎనిమిదిన్నర రోజులు. గొలుసు చెరువుల్లో జరిగేది సరిగ్గా ఇదే.

ఎనిమిదిన్నర రోజులంటే ఈ ప్రాంతంలో ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఎర్రనేలలో వానాధారపు వేరుశనగ విత్తడానికి పదును దొరికేది కొద్ది రోజులే. ఆ నేల తేమను ఎక్కువకాలం పట్టి ఉంచదు. ఏ మండలంలో ఎంత కురిసిందన్న వార్త విత్తనం వేసే అదను దాటాక చేరితే, అది రికార్డుగా పనికివస్తుంది గాని రైతుకు పనికిరాదు. తాగునీటి ట్యాంకు మట్టం, బోరు మోటారు ఆగిపోయిన సమాచారం, వాగులో వరద హెచ్చరిక వంటి వాటిని పైపుల ద్వారా నడిపే ఏ చిన్న ఏర్పాటుకైనా ఇదే వర్తిస్తుంది.

ఆలస్యం ఒక్కటే కాదు, నష్టం కూడా ఉంది. బఫర్‌లో ఉన్నది ప్రోగ్రాము జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది. ప్రోగ్రాము తన పని ముగించుకుని మామూలుగా వెళ్లిపోతే లైబ్రరీ మిగిలిన నీటిని వదిలేసి వెళుతుంది. కాని మీరు కంట్రోల్-సీ నొక్కి ఆపినా, కరెంటు పోయినా ఆ అవకాశం ఉండదు. 101 గంటల కొలతలు చెరువు కట్ట తెగినట్టు పోతాయి. మూల ఫైలు ఉంటే మళ్లీ చదువుకోవచ్చు. సమాచారం నేరుగా యంత్రంనుంచి పైపులోకి వస్తున్నట్టయితే తిరిగి దొరకదు.

ఈ దోషం ఇంతకాలం ఎందుకు నిలిచిందని మీరు అడగవచ్చు. నా ఉద్దేశంలో దానికి ప్రధాన కారణం పరీక్షించే పద్ధతి. సాధారణంగా మనం పూర్తయిన ఫైలుతో ప్రోగ్రామును పరీక్షిస్తాం. గత ఇరవై ఏళ్ల వర్షపాతపు ఫైలు ఇస్తే లక్షల పంక్తులు వరదలా వస్తాయి, బఫర్లు క్షణంలో నిండి పారతాయి, చివరి చుక్క కూడా ప్రోగ్రాము ముగింపులో బయటికి వస్తుంది. అంతా బాగానే ఉంటుంది. ప్రవాహం సన్నగా, ఆగి ఆగి వచ్చినప్పుడే చెరువు కనబడుతుంది. సమృద్ధిగా నీరున్న చోట రాసిన నియమం కరువు సీమకు వచ్చినప్పుడు ఏమవుతుందో అదే ఇక్కడా అయింది.

విరుగుళ్లు వచ్చిన క్రమం

ఈ ఇబ్బంది మొదటినుంచీ తెలియనిది కాదు. ఏడవ కూర్పు మాన్యువల్‌లో క్యాట్ ఆదేశం వివరణలోనే, దాని ఫలితం టెర్మినల్‌కు పోకపోతే 512 బైట్ల బ్లాకులుగా ఆగుతుందని, ఆగకూడదంటే -యూ వాడమని రాసి ఉంది. అంటే చెరువు కట్టిన రోజే తూము కూడా పెట్టారు. కాని ఒక్కొక్క ప్రోగ్రాముకు తూము విడిగా పెట్టవలసి రావడంతో అసలు చిక్కు మొదలైంది.

తరువాత బర్క్‌లీ యూనిక్స్‌వారు మధ్యేమార్గం ఒకటి తెచ్చారు. అక్షరానికొకసారి కాకుండా, బ్లాకు నిండేదాకా కాకుండా, పంక్తి పూర్తికాగానే పంపడం. 1989లో ఆమోదం పొందిన సీ భాషా ప్రమాణం ఈ మూడు పద్ధతులనూ గుర్తించింది. సెట్‌విబఫ్ అనే ఫంక్షనుతో ప్రోగ్రామరు వీటిలో ఏదైనా ఎంచుకోవచ్చు, ఎఫ్‌ఫ్లష్‌తో కావలసినప్పుడు తూము ఎత్తవచ్చు. దోష సందేశాలు వెళ్లే మార్గం మాత్రం పూర్తిగా ఆగకూడదని కూడా ఆ ప్రమాణం చెప్పింది. ఫలితం కనబడకపోయినా దోష సందేశాలు వెంటనే కనబడడం మీరు గమనించి ఉంటే, కారణం ఇదే.

ఇవన్నీ ప్రోగ్రాము రాసేవారి చేతిలోని మార్గాలు. వాడేవారి సంగతి? వారికోసం ఆదేశాలకు ఒక్కొక్కటిగా మీటలు చేరాయి. గ్నూ గ్రెప్‌కు --లైన్-బఫర్డ్, సెడ్‌కు -యూ, నెట్‌వర్కు రాకపోకలను చూపే టీసీపీడంప్‌కు -ఎల్. ఆక్ భాషలో బ్రయన్ కెర్నిహాన్ 1992లో ఎఫ్‌ఫ్లష్‌ను చేర్చారు. అది పోసిక్స్ ప్రమాణంలో చోటు సంపాదించడానికి 2012 డిసెంబరు దాకా, అంటే ఇరవై ఏళ్లు పట్టింది. పైథాన్‌లో -యూ ఉంది, ప్రింట్ ఫంక్షనుకు ఫ్లష్=ట్రూ అని చెప్పే వీలు 3.3 కూర్పుతో వచ్చింది. పేర్లు ఒక్కొక్క చోట ఒక్కొక్క రకంగా ఉండడం చూడండి. ఒకే పనికి ఇన్ని పేర్లు పుట్టడమే, దీనికి ఎవరూ ఒకచోట కూర్చుని పరిష్కారం ఆలోచించలేదని చెబుతోంది. టీ అనే ఆదేశం ఒక్కటి మినహాయింపు. అది బఫర్ చేయకూడదని పోసిక్స్ ప్రమాణమే శాసిస్తుంది.

మీట లేని ప్రోగ్రాము ఎదురైతే ఏం చేయాలి? దీనికి రెండు తెలివైన మార్గాలు పుట్టాయి.

మొదటిది నమ్మించడం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసిన డాన్ లైబ్స్ 1990లో ఎక్స్‌పెక్ట్ అనే సాధనాన్ని వెలువరించారు. దానితో పాటు వచ్చే అన్‌బఫర్ అనే చిన్న ప్రోగ్రాము ఒక నకిలీ టెర్మినల్‌ను సృష్టించి, మన ఆదేశాన్ని దాని ముందు కూర్చోబెడుతుంది. ఈజ్‌ఎటీటీవై ప్రశ్నకు అవును అనే జవాబు వస్తుంది. ఆదేశం అవతల మనిషే ఉన్నాడనుకుని పంక్తి పంక్తినీ వెంటనే పంపుతుంది. దీనితో ఒక చిక్కు ఉంది. టెర్మినల్ ఉందనుకున్న ప్రోగ్రాము రంగులు వేయడం, పంక్తి చివర అదనపు గుర్తులు రావడం వంటివి జరగవచ్చు.

రెండవది లోపలికి చొరబడడం. 2009లో గ్నూ కోర్‌యుటిల్స్ 7.5 కూర్పుతో స్టడ్‌బఫ్ అనే ఆదేశం వచ్చింది. అది మన ప్రోగ్రాము మొదలయ్యే ముందే ఒక చిన్న లైబ్రరీని దానిలోకి ఎక్కించి, బఫర్ పద్ధతిని మార్చేస్తుంది. వాడడం చాలా తేలిక:

టెయిల్ -ఎఫ్ వాన.లాగ్ | స్టడ్‌బఫ్ -ఓఎల్ గ్రెప్ ధర్మవరం | కట్ -డి, -ఎఫ్2,3

ఇక్కడ -ఓఎల్ అంటే ఫలితాన్ని పంక్తులవారీగా పంపమని అర్థం. అయితే ఇది అన్నిచోట్లా పారదు. సీ లైబ్రరీ బఫర్లను వాడే ప్రోగ్రాములకే వర్తిస్తుంది. పైథాన్ 3, జావా, గో వంటివి తమ చెరువులను తామే తవ్వుకుంటాయి కాబట్టి వాటిమీద స్టడ్‌బఫ్ ప్రభావం ఉండదు. బఫర్‌ను తామే స్వయంగా అమర్చుకునే ప్రోగ్రాములూ దాని మాట వినవు. చవక రకం చిన్న కంప్యూటర్లలో తరచుగా కనిపించే మాక్ అనే ఆక్ రూపం అందుకునే వైపు కూడా బఫర్ నింపుకుంటుంది. దానికి -డబ్ల్యూ ఇంటరాక్టివ్ అనే ప్రత్యేక మీటే వాడాలి.

ఏది ఎంచుకోవాలి? ఆదేశానికి సొంత మీట ఉంటే అదే మేలు. అది లేకపోతే స్టడ్‌బఫ్. అదీ పనిచేయకపోతేనే అన్‌బఫర్. మీరే రాసిన ప్రోగ్రాము అయితే, సమాచారం సన్నగా వచ్చేచోట ప్రతి పంక్తి తరువాతా ఫ్లష్ చేయండి, ఎవరో బయటినుంచి సరిచేస్తారని ఎదురుచూడకండి. ఇది తెలిసిన తరువాత కొందరు విద్యార్థులు ప్రతి ఆదేశానికీ స్టడ్‌బఫ్ తగిలించడం మొదలుపెడతారు. అదీ తగదు. ఇరవై ఏళ్ల వర్షపాతపు ఫైలులోంచి ఒక మండలాన్ని ఏరుతున్నప్పుడు పంక్తికొకసారి కెర్నల్‌ను పిలిస్తే పని అనవసరంగా నెమ్మదిస్తుంది. ఆ మీట వేగాన్ని తగ్గించవచ్చని గ్రెప్ మాన్యువలే హెచ్చరిస్తుంది. పోరుమామిళ్ల శాసనంలోని ఆ రెండు దోషాలనూ ఇక్కడ ఒకసారి తలచుకోండి. చెరువు ఉండాలా, వద్దా అన్నది ప్రశ్న కాదు, ఏ ప్రవాహానికి ఎంత చెరువు అన్నదే ప్రశ్న.

తెలుగులో రాస్తే

చివరగా మన భాషకు సంబంధించిన ఒక చిన్న విశేషం. యూటీఎఫ్-8 అనే అక్షర సంకేతాన్ని 1992 సెప్టెంబరులో రూపొందించినవారు రాబ్ పైక్, పైపును యూనిక్స్‌లో చేర్చిన కెన్ థాంప్సనే. అందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న ప్రతిదానికీ మూడేసి బైట్లు కావాలి. ధర్మవరం అని ఇంగ్లీషులో రాస్తే 11 బైట్లు. తెలుగులో ధ, ర, పొల్లు, మ, వ, ర, సున్న కలిసి ఏడు సంకేతాలు, అంటే 21 బైట్లు. కాబట్టి కొలతల పంక్తులను తెలుగులో రాస్తే బఫర్ త్వరగా నిండుతుంది, ఆలస్యం తగ్గుతుంది! మాతృభాష వల్ల కలిగే లాభాల్లో దీన్ని ఎవరూ లెక్కించినట్టు లేదు.

అయితే ఇందులో ఒక ప్రమాదమూ దాగి ఉంది. 4096ను మూడు భాగించదు. బఫర్ నిండిన చోట పంక్తి ముగుస్తుందన్న హామీ లేదు, అక్షరం ముగుస్తుందన్న హామీ కూడా లేదు. మొదటి విడతలో చివరి తెలుగు అక్షరం ఒకటి రెండు బైట్ల దగ్గర తెగి, మిగతా ముక్క తరువాతి విడతలో రావచ్చు. అందుకునే ప్రోగ్రాము రెండు ముక్కలనూ కలుపుకోగలిగితే ఇబ్బంది లేదు. కలుపుకోలేకపోతే ఆ అక్షరం స్థానంలో తెరమీద ప్రశ్నార్థకమో చతురస్రమో కనిపిస్తుంది. పంక్తులవారీగా పంపితే ఈ తెగడం చాలావరకు తప్పుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

మీ కంప్యూటరులో లైనక్స్ ఉంటే ఈ అభ్యాసం చేయండి. సెకనుకు ఒక పంక్తి చొప్పున సమయాన్ని రాసే చిన్న వలయాన్ని షెల్‌లో రాయండి. దాని ఫలితాన్ని గ్రెప్ గుండా, అక్కడినుంచి క్యాట్ గుండా పంపండి. గ్రెప్‌కు ఏ పంక్తినైనా అంగీకరించే నమూనా ఇవ్వండి. మొదటి పంక్తి కనబడడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. మీ పంక్తి పొడవును బైట్లలో లెక్కపెట్టండి. పంక్తి చివరి గుర్తుకు కూడా ఒక బైటు ఉంటుందని మరచిపోకండి. 4096ను దానితో భాగించి వచ్చిన సంఖ్యనూ, గడియారపు సంఖ్యనూ పక్కపక్కన రాయండి. తరువాత గ్రెప్‌కు --లైన్-బఫర్డ్ చేర్చి మళ్లీ నడపండి. వీలైతే రెండుసార్లూ గ్రెప్ ముందు ఎస్‌ట్రేస్ -ఇ రైట్ పెట్టి చూడండి. కెర్నల్‌కు వెళ్లే ప్రతి పిలుపూ ఎన్ని బైట్లతో వెళుతోందో తెరమీద కనిపిస్తుంది. మొదటిసారి 4096, రెండవసారి మీ పంక్తి పొడవు ఎంతో అంత. రెండు సంఖ్యలనూ మీ అభ్యాస పుస్తకంలో నమోదు చేసి, తరువాతి సంపర్క తరగతికి తీసుకురండి.